ముందు మే నెల నీళ్లు అడుగు

ప్రశ్న: అక్కా, మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా నాన్నగారికి రోడ్డు పక్కన చిన్న నర్సరీ ఉంది. డిగ్రీ అయ్యాక రెండేళ్లుగా నేను ఇళ్లకి వెళ్లి తోటలు వేసి ఇస్తున్నాను. ఎవరింటికి వెళ్లినా ఫోన్ తీసి ఒకటే రకం ఫొటో చూపిస్తారు. పచ్చటి లాన్, తెల్ల గులకరాళ్లు, గోడవారన పామ్ మొక్కలు. పోయినేడు ఒకరికి అచ్చం అలాగే వేశాను. మే నెలకి లాన్ మొత్తం ఎండిపోయింది. మిగతా డబ్బు ఇవ్వం అన్నారు, నలుగురిలో మాటలు కూడా అన్నారు. ఇప్పుడు చేతిలో మూడు పనులున్నాయి. ఒకటి మా ఊళ్లోనే పాత వీధిలో 18 అడుగుల వెడల్పున్న పొడవాటి పెంకుటిల్లు. వెనక పెరడు, నుయ్యి ఉన్నాయి. ఇద్దరు పెద్దవాళ్లే ఉంటారు. రెండోది బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగి అద్దె ఇల్లు, చిన్న పాప ఉంది. మూడోది బరంపురంలో ఒక ఒడియా కుటుంబం కొత్తిల్లు, ముందు కాస్త జాగా, పైన డాబా. ముగ్గురూ ఆ ఫొటోయే చూపించారు. ఒక్కో ఇంటికి, ఒక్కో మనిషికి తగ్గట్టు తోట ఎలా గియ్యాలి? ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

తమ్ముడూ, గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరి వాడివి, మాట్లాడినట్టే రాశావు. చదువుతుంటే ఎదురుగా కూర్చుని చెప్పినట్టుంది. నేనూ అలాగే చెబుతాను.

ముందు ఆ లాన్ సంగతి తేల్చుకుందాం, నీ భయమంతా అక్కడ మొదలైందే కదా. ఎండాకాలంలో లాన్ పచ్చగా నిలవాలంటే చదరపు మీటరుకి రోజుకి దగ్గరదగ్గర 5 లీటర్ల నీళ్లు కావాలి. 400 చదరపు అడుగుల లాన్ అంటే 37 చదరపు మీటర్లు. అంటే రోజుకి 185 లీటర్లు. 15 లీటర్ల బిందెతో కొలిస్తే 12 బిందెలు. మే నెలలో నుయ్యి అడుగంటి, కుళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఇంట్లో రోజూ 12 బిందెలు గడ్డికి ఎవరు పోస్తారు? నువ్వు గడ్డి సరిగ్గా పరవలేదని కాదు, ఆ ఇంట్లో ఈ లెక్క ఎవరూ వెయ్యలేదు. తోట ఎంత పెద్దదని జనం గజాల్లో చెబుతారు. నేను మాత్రం మే నెలలో ఆ ఇంట్లో మిగిలే నీళ్లు, ఆ తోటకి రోజూ అందే చేతులు, ఈ రెండూ చూసే చెబుతాను. ఆ రెండూ తెలియకుండా పెన్సిలు పట్టుకోకు.

ఫొటో చూపించగానే చిరాకు పడకు. అందులో వాళ్లకి కావలసింది ఏదో ఒకటి ఉంటుంది. అదేమిటో నోటితో చెప్పలేక ఫొటో చూపిస్తారు. "ఇందులో మీకు బాగా నచ్చింది ఏదండీ?" అని అడిగి ఊరుకో. తొందరపెట్టకు. ఒకసారి ఒకావిడ చాలాసేపు ఫొటో చూసి, "ఇక్కడ బురద లేదు" అంది. ఆవిడకి తెల్ల రాళ్లు అక్కర్లేదు. వానాకాలంలో పిల్లలు బురద కాళ్లతో ఇంట్లోకి రాకుండా ఉంటే చాలు. గేటు నుంచి గుమ్మం దాకా ఇటుకలు ఇసుక మీద పరిపించాను, పని అయిపోయింది. పామ్ మొక్కలు అడిగేవాళ్లలో చాలామందికి పక్కింటి కిటికీ కనబడకూడదు, అంతే. దానికి గోరింట కంచె చాలు. 5 అడుగుల ఎత్తులో కత్తిరించుకుంటే సరిపోతుంది, అట్లతద్దికి ఆకూ దొరుకుతుంది. ఇక పచ్చదనమే కావాలంటే మన గరిక ఉంది. బెర్ముడా గడ్డి అని డబ్బు పెట్టి కొనేదీ ఆ జాతే. మే నెలలో గోధుమ రంగుకి తిరుగుతుంది, మొదటి వాన పడగానే మళ్లీ లేస్తుంది. "రెండు నెలలు పచ్చగా ఉండదు, కానీ చావదు" అని ముందే చెప్పు. ఒప్పుకున్నవాళ్లకే వెయ్యి.

ఇంటికి మొదటిసారి వెళ్లినప్పుడు ఏమీ గియ్యకు. పొద్దున్న 8 గంటలకి ఒకసారి, మధ్యాహ్నం 12కి ఒకసారి, సాయంత్రం 4కి ఒకసారి వెళ్లి, నీడ ఎక్కడిదాకా పడిందో సుద్దముక్కతో గీత పెట్టు. మూడు గీతలూ ఫొటో తీసుకో. అయితే ఆ రోజు చూసిన నీడ ఏడాదంతా అలాగే ఉండదు. మన ఊళ్లు భూమధ్యరేఖకి దాదాపు 19 డిగ్రీల ఉత్తరాన ఉన్నాయి. డిసెంబరు ఆఖర్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణానికి బాగా వాలి ఉంటాడు. 20 అడుగుల మేడ నీడ అప్పుడు ఉత్తరం వైపు 18 అడుగులు పడుతుంది. చామంతి, టమాటా, వంగ వేసుకునేది చలికాలంలోనే. దక్షిణాన పక్కింటి మేడ ఉన్న పెరట్లో వేసవిలో ఎండ చూసి మురిసిపోయి కూరగాయల మడి గీస్తే, పంట వేళకి ఆ మడి నీడలో పడుకుంటుంది. ఇదే తిరగేసినా చిక్కే. మే మధ్య నుంచి జూలై ఆఖరు దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి మీద, కొంచెం ఉత్తరంగానే ఉంటాడు. చలికాలమంతా చల్లగా ఉన్న ఉత్తరపు గోడ పక్కన ఫెర్న్ పెడితే మే ఎండకి మాడిపోతుంది. కూరగాయలకీ మల్లెకీ 6 గంటల ఎండ కావాలి, ఆకుకూరలకి 4 గంటలున్నా సర్దుకుంటాయి, తమలపాకుకి చెట్టు కింద చెదిరిన వెలుగు చాలు.

గ్రాఫ్ కాగితం తీసుకో. గడికి ఒక అడుగు. మొదట మొక్కలు పెట్టకు. ఉత్తరం ఎటో బాణం గుర్తు, కుళాయి, మురుగు కాలువ, సెప్టిక్ ట్యాంకు మూత, పైనున్న కరెంటు తీగ, బండి పెట్టే చోటు ముందు గియ్యి. తరవాత ఇంట్లో ఆడవాళ్లని అడుగు. బట్టలు ఎక్కడ ఆరేస్తారు, వడియాలు ఎక్కడ పెడతారు, అంట్లు ఎక్కడ తోముతారు? చాలా తోటలు ఆరు నెలల్లో పాడైపోవడం నేను చూశాను. ఎందుకో తెలుసా? బట్టల తీగకి చోటు వదలరు. ఆవిడ గులాబీల మీదుగా తీగ కట్టుకుంటుంది. ఆవిడ తప్పేముంది?

ఇక నీ మూడు ఇళ్లు. పెద్దవాళ్ల ఇంటి గురించి ఎక్కువ చెబుతాను. ఏళ్ల తరబడి వాళ్ల కాళ్లూ చేతులూ అలవాటు పడిన ఇల్లది. మనం చేసే ఏ మార్పయినా ఆ కాళ్ల కింద పడుతుంది.

అలాంటి ఇంట్లోనే ఒకసారి తెల్లవారుజామున కూర్చున్నాను. డెబ్బై ఏళ్లు దాటిన ఆవిడ. దోటితో మందార కొమ్మ వంచి, ఎడంచేత్తో పట్టుకుని, కుడిచేత్తో పువ్వు కోస్తోంది. కొమ్మ జారి మొహం మీద కొట్టింది. కళ్లజోడు కింద పడింది. ఆవిడ ఏమీ అనలేదు, వంగి తడుముకుని తీసుకుంది. మళ్లీ దోటి అందుకుంది. రోజూ అంతేనట. ఆ చెట్టు 9 అడుగులు పెరిగింది, ఎవరూ కత్తిరించలేదు. పెద్దవాళ్ల తోటలో పువ్వు ఛాతీ ఎత్తులో పూయాలని ఆ రోజు నేర్చుకున్నాను. మందారాన్నీ నందివర్ధనాన్నీ ఏడాదికోసారి కత్తిరించి నాలుగైదు అడుగుల్లో ఉంచితే దోటి మూలన పడి ఉంటుంది.

ఆ పాత వీధిలో ఇళ్లకి రెండు పక్కలా ఉమ్మడి గోడలే ఉంటాయి కదా. 18 అడుగుల వెడల్పులో గోడవారన అటొకటి ఇటొకటి ఇటుకతో రెండడుగుల ఎత్తు మడులు కట్టించు. వెడల్పు కూడా రెండడుగులు మించకూడదు. ఒకవైపు నుంచే చెయ్యి అందాలి మరి. మడి గట్టు మీద కూర్చుని కలుపు తీసుకునేలా గట్టు వెడల్పుగా, నున్నగా ఉండాలి. పెరటి గుమ్మం నుంచి నూతి దాకా, అక్కడి నుంచి బాత్రూమ్ దాకా 3 అడుగుల దారి, గరుకు సిమెంటుతో వెయ్యి. నున్నటి టైల్స్ వద్దు, వానాకాలంలో పాకుడు పట్టి జారతాయి. గులకరాళ్లు అసలే వద్దు, ఆ వయసులో మడమ మెలిక పడితే లేవడం కష్టం. రాత్రి లేచి వెళ్లే దారి కాబట్టి లైటు స్విచ్చి గుమ్మం లోపలే ఉండాలి.

వాళ్లకి పూజకి పూలు కావాలి అంటారు చూడు, దాన్ని "పూల మొక్కలు" అని రాసుకుని వదిలెయ్యకు. ఏడాది పొడుగునా పొద్దున్నే సజ్జ నిండాలి, అదీ వాళ్లు అడిగేది. నందివర్ధనం, మందారం ఏడాదంతా ఆదుకుంటాయి. వేసవికి మల్లె, వానలకి సన్నజాజి, శ్రావణం నుంచి కార్తీకం దాకా పారిజాతం, చలికాలానికి చామంతి, బంతి. నెలల పేర్లు ఒక వరసలో రాసి, ఎదురుగా పూల పేర్లు రాసి ఆవిడకి చూపించు. ఖాళీ నెల ఏదైనా ఉంటే ఆవిడే చెబుతుంది, ఏ మొక్క కావాలో కూడా చెబుతుంది. రాలిన పువ్వుని దేవుడికి పెట్టేది ఒక్క పారిజాతం విషయంలోనే. అందుకే దాన్ని పెరటి అరుగు పక్కన నాటు, కొమ్మలు అరుగు మీదికి వాలేలా. పూలు అరుగు మీదే రాలితే నడుం వంచకుండా ఏరుకుంటుంది. నూతి దగ్గర మాత్రం నాటకు, ఆకంతా నీళ్లలో పడి కుళ్లుతుంది. నూతి చప్టా మీద పారే నీళ్లు వృథాగా పోనివ్వక ఒక కాలువ తీసి అరటి బోదెకి మళ్లించు. అంట్లు కడిగిన నీళ్లయినా అరటికి పరవాలేదు, తులసికీ ఆకుకూరలకీ మాత్రం పొయ్యకూడదు.

బ్యాంకు ఉద్యోగి పని తేలిక. అద్దె ఇల్లు, రెండు మూడేళ్లలో పెట్టె సర్దుకుంటారు. నేలలో చెట్టు నాటమంటే ఇంటి యజమానిని అడిగి ఒక్క బొప్పాయి నాటు, ఏడాది తిరిగేసరికి తింటారు. మిగతాదంతా కుండీల్లో, గ్రో బ్యాగుల్లో ఉండాలి. ఒక్కొక్కటీ ఇద్దరు మనుషులు ఎత్తి చిన్న ట్రాలీ బండిలో పెట్టగలిగే బరువుండాలి. నెల తిరక్కుండా కోతకొచ్చే తోటకూర, పాలకూర, మెంతి వేస్తే ఉద్యోగం చేసే మనిషికి కూడా ఉత్సాహం ఉంటుంది. వాళ్లది ఏ ఊరో అడుగు. సొంతూరి కూర ఏదో ఒకటి మనసులో ఉంటుంది, గోంగూరో చుక్కకూరో. అది ఒక్క కుండీలో వచ్చినా వాళ్లకి ఇల్లు దొరికినట్టే. పాప ఉందన్నావు కాబట్టి పచ్చగన్నేరు ఆ గేటు లోపలికి రానివ్వకు, దాని గింజ ప్రాణం తీసేంత విషం. మామూలు గన్నేరు కూడా విషమే. నర్సరీల్లో ఆకుల మీద తెల్ల మచ్చలతో ముచ్చటగా ఉండే డైఫెన్‌బాకియా ఉంటుంది చూడు, దాని ఆకు నమిలితే నోరు, నాలుక వాచిపోతాయి. అడిగినా ఇవ్వకు. మీ నర్సరీలో ఆ కుండీల మీద చీటీ అంటించమని నాన్నగారికి చెప్పు.

బరంపురం ఇంటికి వెళ్లేముందు రెండు సంగతులు గుర్తుంచుకో. జూన్ మధ్యలో రజ పండగ. ఆ రోజుల్లో భూదేవికి విశ్రాంతి అని నేల దున్నరు, తవ్వరు. వానలు మొదలయ్యే వేళ అదే కాబట్టి మనకి గుంతలు తవ్వాలనిపిస్తుంది. ఆ ఇంట్లో పలుగు పట్టుకుని నిలబడితే పెద్దవాళ్ల మనసు కష్టపడుతుంది. గుంతలు మే నెలాఖరుకే తవ్వించి ఎండనివ్వు, పండగ అయ్యాక నాటు. ఆ పండక్కే ఆడపిల్లలు ఉయ్యాల ఊగుతారు. ఇంట్లో ఆడపిల్లలుంటే ఉయ్యాలకి ఎక్కడ చోటుందో అడుగు. కొత్తిల్లు కాబట్టి కొమ్మ మొయ్యగలిగిన చెట్టు ఉండదు, ఇనప స్తంభాలే పాతాలి. ముందూ వెనకా చెరో 8 అడుగులు ఖాళీ వదలాలి. మార్గశిర గురువారాల్లో లక్ష్మీపూజకి వాళ్లు పిండితో ఝోటి వేస్తారు, మనం ముగ్గు వేసినట్టే. గుమ్మం ముందు నేలంతా మొక్కలతో నింపేస్తే ఆవిడ ఎక్కడ వేస్తుంది? తులసి చఉరా, అంటే మన తులసికోట, ఎక్కడుండాలో ఆ ఇంటి పెద్దావిడనే అడిగి, దాని చుట్టూ తోట గియ్యి. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయేమో ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూడు. ఉప్పు తగిలితే కొబ్బరి, కాగితం పూలు నిలబడతాయి, చాలా మొక్కలకి ఆకు అంచులు మాడతాయి. ఎవరైనా గంజాం మొగలిపూల మోజులో మొగలి డొంక వెయ్యమంటే, వాసన ఎంత బాగున్నా చిన్న జాగాకి వద్దని చెప్పు. ముళ్ల ఆకు, పైగా నాలుగు వైపులా పాకుతుంది.

డాబా గురించి నా తప్పే చెబుతాను. ఫైలిన్ తుపానుకి ముందు ఏడాది బరంపురంలో ఒక డాబా మీద ఇటుకతో అడుగు లోతు మడి కట్టించి ఎర్రమట్టి నింపించాను. అంత బాగా కాసిన ఆనపపాదు నేను మళ్లీ చూడలేదు. రెండో వానాకాలానికి కింద పడకగది సీలింగు చెమ్మ పట్టి పెచ్చులు రాలాయి. పసిపిల్ల మంచానికి రెండు అడుగుల దూరంలో రాలిన పెచ్చు ఆ ఇంటాయన అరచేతిలో పెట్టుకుని చూపించాడు. నా ఖర్చుతో మట్టంతా దింపించాను. అప్పుడు ఒక ఇంజనీరుని కూర్చోబెట్టి లెక్క చెప్పించుకున్నాను. తడిసిన మట్టి ఘనపుటడుగు 45 నుంచి 50 కిలోలు. అడుగు లోతు మడి అంటే చదరపు మీటరుకి దాదాపు 500 కిలోలు. మనుషులు తిరిగే డాబాకి మామూలుగా లెక్కలో పెట్టుకునే అదనపు బరువు చదరపు మీటరుకి 150 కిలోలు. నేను మూడింతలు పైన మోపాను, నీళ్లు ఎటూ పోకుండా కట్టాను కూడా.

కాబట్టి ఆ డాబా మీద మడులు వద్దు. కొబ్బరిపొట్టు, చివికిన పశువుల ఎరువు ఎక్కువ, మట్టి తక్కువ కలిపి గ్రో బ్యాగుల్లో నింపు. అవి గోడల మీద, దూలాల మీద పడేలా అంచుల వెంబడి పెట్టు, నడిమధ్య కాదు. కింద మూడు అంగుళాల స్టాండు ఉండాలి, స్లాబు ఆరాలి, చీపురు దూరాలి. వాన నీరు పోయే గొట్టం దగ్గర ఒక్క కుండీ కూడా ఉండకూడదు. ఆ నీళ్లు పోనివ్వకుండా కింద డ్రమ్ములో పట్టుకోమని చెప్పు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడినా 900 లీటర్ల పైచిలుకు దిగుతుంది. డ్రమ్ముకి దోమల వల కట్టడం మాత్రం మర్చిపోవద్దు. మనవి మలేరియా ప్రాంతాలు.

గాలి సంగతి నీకు చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ గజపతి జిల్లాని ఏం చేసిందో నువ్వు కళ్లారా చూసి ఉంటావు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మేం తలుపులకి బల్లలు అడ్డంపెట్టి కూర్చున్నాం. తెల్లారి చూస్తే మా వీధిలో ఒకరి పిట్టగోడ మీది కుండీలు పక్కింటి ఆస్‌బెస్టాస్ రేకుల్లోంచి దిగి ఉన్నాయి. లోపల ఎవరూ పడుకోకపోవడం దేవుడి దయ. అప్పటి నుంచి నేను పిట్టగోడ మీద కుండీ పెట్టను, పెడతామన్నవాళ్ల పని ఒప్పుకోను. నువ్వూ ఒప్పుకోకు. డాబా మీద పందిరి వేస్తే షేడ్ నెట్‌ని తాళ్లతో మాత్రమే కట్టు, ఇద్దరు మనుషులు పది నిమిషాల్లో విప్పేసేలా. గాలికి అది తెరచాప అవుతుంది, పైపులతో సహా లేచిపోతుంది. కింద జాగాలో మునగ, తురాయి ఇంటి మీదికి, కరెంటు తీగ మీదికి వాలే చోట వద్దు. దసరాకి ముందు చెట్లు పలచన చేయించడం అలవాటు చెయ్యి. ఆ ఒక్క పనికి ఏడాదికోసారి పిలుపొస్తుంది, నీకూ ఆదాయం.

డబ్బు సంగతి రెండు మాటలు. పని ఒప్పుకున్న రోజే ఒక కాగితం రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఏ మొక్కలు, రోజుకి ఎన్ని బిందెల నీళ్లు, ఎవరు పోస్తారు, ఏ నెలలో ఎలా కనబడుతుంది, అంతే. నీ రుసుములో కొంత మొదటి ఏడాది నాలుగు సార్లు వచ్చి చూసినందుకు అని విడిగా రాసుకో, వచ్చినప్పుడల్లా తీసుకో. ఎండిపోయిన లాన్ వాళ్ల దగ్గరికి కూడా ఒకసారి వెళ్లు. డబ్బు అడగడానికి కాదు. తొలకరికి ఆ జాగాలో గరిక దుబ్బులు నాటి ఇస్తానని చెప్పు, నీ దగ్గర ఊరికే దొరికేవే. ఒప్పుకుంటే సరే, లేకపోతే నమస్కారం పెట్టి వచ్చెయ్యి.

ఈ వారం పెద్దవాళ్ల ఇంటికి తెల్లవారుజామున వెళ్లు, కాగితం తీసుకెళ్లకు. ఆవిడ పూలు కోసేటప్పుడు చెయ్యి ఎంత ఎత్తు దాకా లేస్తుందో చూసి, ఆ ఎత్తున గోడ మీద సుద్దతో గీత పెట్టుకో. ఆ గీత ఎన్ని అడుగుల్లో ఉందో నాకు రాయి. పారిజాతం అరుగుకి ఎంత దూరంలో నాటాలో అప్పుడు ఇద్దరం కలిసి లెక్క వేద్దాం.